బెజవాడలో ఒక్క రోజు ఉంటే ఎటు వెళ్లాలి, ఏం తినాలి

విజయవాడకు ఒక రోజు కోసం వచ్చేవాళ్ల దగ్గర దాదాపు ఒకే జాబితా ఉంటుంది. పొద్దున దుర్గమ్మ దర్శనం, అటునుంచి ఉండవల్లి గుహలు, మధ్యాహ్నం భవానీ ద్వీపం, సాయంత్రం కొండపల్లి బొమ్మలు, రాత్రి బిర్యానీ. మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఊళ్లో దిగాక మాత్రం సగం రోజు ఆటోల్లో, మిగతా సగం క్యూల్లో గడిచిపోతుంది. చీకటి పడేసరికి ఏదీ తీరిగ్గా చూడలేదన్న బాధ మిగులుతుంది.

అందుకే మా ఇంటికి వచ్చే చుట్టాలకు నేను ఒకటే చెబుతాను: రోజుకు ఒక దిక్కు పెట్టుకోండి. ఈ ఊరు కొండలకూ, కృష్ణకూ, మూడు కాలవలకూ మధ్య దొరికిన చోటులో పెరిగింది. ఒక వైపు నుంచి ఇంకో వైపుకు వెళ్లాలంటే ఏదో ఒక వంతెనో, రైలు పట్టాలో, నాలుగు రోడ్లు కలిసే సెంటరో దాటాల్సిందే. దిక్కు మారినప్పుడల్లా సమయం పోతుంది. ఒకే వైపు ఉండిపోతే ఆ సమయమంతా చూడటానికీ, తినడానికీ, ఊరికే కూర్చోవడానికీ మిగులుతుంది.

నా లెక్కలో దిక్కులు నాలుగు. అమ్మవారి కొండ, వన్‌టౌన్ ఒకటి. బ్యారేజీ దాటి ఉండవల్లి, మంగళగిరి రెండోది. గాంధీనగర్, గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు కలిసిన ఊరి మధ్య భాగం మూడోది. పడమరగా భవానీ ద్వీపం, కొండపల్లి నాలుగోది.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు ఎండ. మార్చి చివరి నుంచి వానలు పడేదాకా, పొద్దున పదిన్నర తర్వాత సాయంత్రం అయిదు దాకా బయట తిరిగే ప్లాన్ పెట్టుకోకండి. మే నెలలో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. పైగా ఇక్కడ చూడాల్సినవి సగం కొండల మీదే ఉన్నాయి. రాయి ఒకసారి కాలిందంటే పొద్దు వాలినా సెగ వస్తూనే ఉంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ గొడవ లేదు, ఏ దిక్కైనా ఏ వేళైనా సరే.

తర్వాత మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఎంపిక మొత్తం మారిపోతుంది. దుర్గమ్మ గుడికి వాహనాల దారీ, లిఫ్టూ ఉన్నాయి. ఉండవల్లిలో అలాంటిదేమీ లేదు, పై అంతస్తులు చూడాలంటే ఎక్కాల్సిందే.

మూడోది, మీరు వచ్చేది ఏ రోజు. శుక్రవారం, ఆదివారం కొండ మీద రద్దీ. దసరా పది రోజులూ వన్‌టౌన్ వైపు ట్రాఫిక్ మళ్లిస్తారు. భవానీ దీక్షలు విరమించే రోజుల్లో ఎర్రబట్టల భక్తులతో ఊరంతా నిండిపోతుంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత ఉత్సవాలు జరుగుతాయి, ఏలూరు రోడ్డు మీదుగా రాకపోకలు కష్టం. వేడుక చూడటానికే వస్తే ఇవన్నీ మంచి రోజులే. తీరిగ్గా ఊరు చూడాలనుకుంటే ఆ తేదీలు తప్పించుకోండి.

ఇంకోటి తిండి వేళ. ఇక్కడ టిఫిన్ రుచి పొద్దున తొమ్మిదిలోపు, మెస్ భోజనం రుచి పన్నెండున్నరకు, బండి రుచి సాయంత్రం అయిదున్నర దాటాక. వేళ తప్పితే అదే వంటకం సాదాసీదాగా ఉంటుంది.

ఖర్చు గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. ఆటో, బోటు తప్పిస్తే నాలుగు దిక్కుల్లోనూ డబ్బు ఎక్కువ పట్టే పని ఏదీ ఉండదు.

## ఒక్క చూపులో

| దిక్కు | ముఖ్యంగా ఏముంది | మంచి వేళ | నడక, మెట్లు | ఎవరికి నప్పుతుంది | చిక్కు ఎక్కడ |
|---|---|---|---|---|---|
| కొండ, వన్‌టౌన్ | దుర్గ గుడి, అక్కన్న మాదన్న గుహలు, బట్టల మార్కెట్లు, గాంధీ హిల్ | తెల్లవారుజాము నుంచి పదిలోపు | గుడికి లిఫ్టు ఉంది, మిగతాచోట్ల నడకే | భక్తులు, పెళ్లి బట్టలు కొనేవాళ్లు | క్యూ ఎంతసేపో ముందే చెప్పలేం |
| ఏటి అవతల | ఉండవల్లి గుహలు, మంగళగిరి గుళ్లు, చేనేత | పొద్దున | మెట్లు ఎక్కువ | చరిత్ర, శిల్పం ఇష్టమున్నవాళ్లు | నీడ తక్కువ, తిండి దొరికే చోట్లు తక్కువ |
| ఊరి మధ్య | టిఫిన్లు, పుస్తకాలు, బాపు మ్యూజియం, సభలు, సినిమా | మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా | చదును నేల | పెద్దవాళ్లు, చదువరులు, తిండిప్రియులు | ట్రాఫిక్, పార్కింగ్ |
| పడమర | భవానీ ద్వీపం, కొండపల్లి బొమ్మలు, కోట | పొద్దున కొండపల్లి, సాయంత్రం ద్వీపం | మోస్తరు | పిల్లలున్న కుటుంబాలు | వరద వస్తే బోట్లు ఆపేస్తారు |

## అమ్మవారి కొండ, వన్‌టౌన్

దర్శనమే మీరు వచ్చిన పని అయితే ఆ రోజంతా దానికే ఇవ్వండి. గంటలో దర్శనం చేసుకుని ఇంకెక్కడికో వెళ్దాం అనుకున్నవాళ్లే క్యూలో టెన్షన్ పడతారు, అమ్మవారి ఎదుట నిలబడ్డ ఆ కొద్ది క్షణాల్లో కూడా వాచీ చూసుకుంటారు. తెల్లవారుజామున వెళ్లగలిగితే అదే మేలు. పెద్దవాళ్లను మహామండపం లిఫ్టు దారిలో తీసుకెళ్లండి. ఓపిక ఉన్నవాళ్లకు మెట్ల దారి ఉంది. సంప్రదాయ దుస్తుల్లో వెళ్లండి.

దసరాకు రావాలా వద్దా అని చాలామంది అడుగుతారు. రోజుకో అలంకారంలో అమ్మవారిని చూడాలన్న కోరిక ఉన్నవాళ్లు తప్పక రావాలి, కానీ మూలా నక్షత్రం రోజును మాత్రం ఆలోచించి ఎంచుకోండి. ఆ రోజు సరస్వతీదేవి అలంకారం. చదువుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లంతా వస్తారు, పది రోజుల్లో అదే పెద్ద రద్దీ. విజయదశమి సాయంత్రం కృష్ణలో హంస వాహనం మీద తెప్పోత్సవం చూడాలంటే మధ్యాహ్నమే ఒడ్డున చోటు చూసుకోవాలి. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏడాది హంసను నీటి మీద తిప్పరు, ఒడ్డునే ఉంచి పూజ చేస్తారు. ఆ సంగతి ఆ వారం పేపర్లో వస్తుంది.

కొండ కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న అన్నదమ్ముల పేరు వాటికి నిలిచింది, గుహలు మాత్రం వాళ్లకన్నా చాలా శతాబ్దాల ముందువి. చిన్నవి, అరగంట చాలు. వాటి కోసం ప్రత్యేకంగా రావక్కర్లేదు, దర్శనం అయ్యాక ఓపిక ఉంటే చూడండి.

పెళ్లి బట్టలకైతే వస్త్రలత, కృష్ణవేణి మార్కెట్ల వైపు. హోల్‌సేల్ బేరాలు జరిగే చోటు. ఒకటి రెండు చీరలు కొనేవాళ్లకన్నా, పెట్టుబడి చీరలు పదీ ఇరవై కావాల్సినవాళ్లకు ఇక్కడ కలిసివస్తుంది. ఒకే ఒక మంచి చీర కోసమైతే బీసెంట్ రోడ్డుకో, మంగళగిరికో వెళ్లండి.

గాంధీ హిల్ రైల్వే స్టేషన్‌కు దగ్గర. కృష్ణ మీద పాత ఆనకట్ట కట్టిన కెప్టెన్ ఓర్ పేరుతో దీన్ని ఒకప్పుడు ఓర్ కొండ అనేవాళ్లు. 1968లో ఇక్కడ 52 అడుగుల గాంధీ స్మారక స్తూపం కట్టారు. స్తూపం కన్నా నాకు పైనుంచి కనిపించే ఊరు ఇష్టం. రైలు పట్టాలు, కాలవలు, అటు కృష్ణ అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఊరి స్వరూపం అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. పొద్దు వాలే ముందు ఎక్కండి.

## బ్యారేజీ దాటి: ఉండవల్లి, మంగళగిరి

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే నేను ఈ వైపే చెబుతాను.

ప్రయాణమే బాగుంటుంది. ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. అంతకు ముందు అదే ఏటి మీద 1855లో కట్టిన ఆనకట్ట ఉండేది. 70 గేట్లు, కిలోమీటరు దాటిన పొడవు. ఇటువైపు నిండుగా నిలిచిన నీళ్లు, అటువైపు ఇసుక తిన్నెలు. కృష్ణా డెల్టా పొలాలకు నీళ్లు మళ్లేది ఇక్కడినుంచే. మనం తినే అన్నం వెనక ఈ కట్ట ఉందని పిల్లలకు చూపిస్తూ చెప్పండి. ఆటోలో దాటేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. పొద్దున ఆరున్నరకు వచ్చినవాళ్లు ఒక వైపున దిగి కొంత దూరమైనా నడవండి.

ఉండవల్లి గుహలు స్టేషన్ నుంచి పది కిలోమీటర్ల లోపే. కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా చెక్కారు. విష్ణుకుండినుల కాలం నాటివని చెబుతారు. దూరం నుంచి చూస్తే రాతి మేడలా ఉంటుంది. కింది అంతస్తులో పని పూర్తికాని స్తంభాలు కనిపిస్తాయి. వాటి దగ్గర తప్పకుండా ఆగండి. ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఆపేశారో తెలుస్తుంది. పూర్తయిన శిల్పంలో కనిపించని మనిషి చేయి ఆ సగం చెక్కిన రాతిలో కనిపిస్తుంది. పైన పడుకున్న అనంతపద్మనాభుడు, ఒకే రాతిలో, పదిహేను అడుగులు దాటిన పొడవు. చీకటి గదిలో కళ్లు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు నిలబడండి. పాదాల నుంచి మొదలుపెట్టి ముఖం దాకా మెల్లగా చూస్తే ఆ పరిమాణం అర్థమవుతుంది. ఫోన్ లైటు వేసి ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు అసలు సంగతి చూడకుండానే వెళ్తున్నారు. బయటికి వస్తే వసారాలో కూర్చున్న రుషుల బొమ్మలు, సింహాలు, ఎదురుగా పచ్చటి పొలాలు. ఇది కేంద్ర పురావస్తు శాఖ కట్టడం, టికెట్ ఉంటుంది, సాయంత్రానికి మూసేస్తారు.

గుహలే చూడాలనుకునేవాళ్లకు ఊళ్లో మొగల్రాజపురం గుహలు కూడా ఉన్నాయి కదా, అవి చాలవా అన్న సందేహం వస్తుంది. అవి ఊరి మధ్యలోనే ఉన్నాయి, వెళ్లడం తేలిక. కానీ శిల్పాలు బాగా పాడైపోయాయి. గుహాలయాల గురించి చదివి, ఒకదాంతో ఒకటి పోల్చి చూసే ఆసక్తి ఉన్నవాళ్లకు మొగల్రాజపురం విలువైన చోటు. మొదటిసారి చూసేవాళ్లు ఉండవల్లికే వెళ్లండి.

అక్కడినుంచి మంగళగిరి. రెండు గుళ్లు: కొండ మీద పానకాల నరసింహస్వామి, కింద లక్ష్మీనరసింహస్వామి. వేళ విషయంలో జాగ్రత్త. కొండ మీద గుడి సాయంత్రం తెరిచి ఉండదు, రాత్రి దేవతలు వచ్చి పూజ చేస్తారని నమ్మకం. కాబట్టి ఉండవల్లిలో ఎక్కువసేపు గడిపి మూడున్నరకు అక్కడికి చేరితే దర్శనం దొరకదు. ముందు మంగళగిరి కొండ, ఆ తర్వాత ఉండవల్లి పెట్టుకున్నా మంచిదే. స్వామి నోట్లో బెల్లం పానకం పోస్తారు. సగం స్వీకరించి మిగతా సగం భక్తులకు వదిలేస్తాడంటారు. అంత పానకం పోసినా ఒక్క చీమ కనిపించదని ఇక్కడివాళ్లు నమ్మకంగా చెబుతారు. కింది గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులది, 19వ శతాబ్దం మొదట్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. రోడ్డు మీదనుంచి తలెత్తి చూస్తే మెడ పట్టేస్తుంది.

చేనేత కొనాలంటే ఇక్కడే. మంగళగిరి నూలు చీరకు ఒంటి మీద బుటాలు, హంగులు ఉండవు. సాదా నేత, అంచు దగ్గర జరీ. నిజాం అంచు అంటారు. మన ఎండకు ఇంతకన్నా హాయైన బట్ట లేదు. సొసైటీ షాపుల్లో, మగ్గాలున్న వీధుల్లో అడిగి చూసి కొనండి. అంచు వెనక్కి తిప్పి నేత చూడటం అలవాటు చేసుకుంటే మరమగ్గం బట్టకూ దీనికీ తేడా చేతికి తెలుస్తుంది.

అమరావతిని కూడా ఈ రోజులోనే కలిపేయాలని చూడకండి. మహాచైత్యం, మ్యూజియం, అమరలింగేశ్వరుడి గుడి, 125 అడుగుల ధ్యానబుద్ధుడు, ఇవన్నీ విడిగా ఒక పూట అడుగుతాయి. రెండో రోజు ఉంటే అప్పుడు వెళ్లండి.

## ఊరి మధ్య

ఎండాకాలంలో వచ్చినవాళ్లకు, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకు, గుళ్లు ఇదివరకే చూసేసినవాళ్లకు ఇదే సరైన దిక్కు. నేను ఇక్కడే పెరిగాను కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా సరే, బెజవాడ అసలు గుణం తెలిసేది ఇక్కడే.

బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. పాత పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం, రాణి పాలనకు యాభై ఏళ్లయిన సందర్భంగా 1887లో పునాది పడింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. అప్పుడే పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించారు. మన జెండా కథలో ఈ ఊరికి ఉన్న చోటు అది. మ్యూజియంలో అల్లూరులో దొరికిన నిలువెత్తు బుద్ధ విగ్రహం ఉంది. మిగతావన్నీ వదిలేసినా దాని ముందు కాసేపు నిలబడండి. బాగుచేసి 2020లో మళ్లీ తెరిచాక గదులు బాగున్నాయి, మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి కూడా మంచి చోటు. వారానికో సెలవు ఉంటుంది కాబట్టి కనుక్కుని వెళ్లండి.

దగ్గర్లోనే పాత స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ స్మృతివనం. 2024 జనవరి 19న తెరిచారు. 125 అడుగుల విగ్రహం, కింద 81 అడుగుల పీఠం. సాయంత్రం వెళ్లండి, పగలు ఆ రాతి నేల మీద నడవలేం.

పుస్తకాల కోసం ఏలూరు రోడ్డు. తెలుగు ప్రచురణ సంస్థల అమ్మకపు షాపులు ఈ రోడ్డు చుట్టుపక్కలే ఉన్నాయి. కొత్త పుస్తకం కావాలా, పాతది కావాలా అన్నదాన్ని బట్టి ఎటు వెళ్లాలో తేలుతుంది. కొత్తదైతే విశాలాంధ్ర లాంటి షాపులు. అచ్చులో లేని నవల, పాత వారపత్రికల సంచికలు, పోటీ పరీక్షల పుస్తకాలు సగం ధరకు కావాలంటే లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు. అక్కడ పేరు చెప్పి అడిగితే ‘లేదు’ అనే మాటే ఎక్కువ వినిపిస్తుంది. అడగకుండా గంట నిలబడి వెతికితేనే దొరుకుతాయి. జనవరి మొదటి పది పన్నెండు రోజుల్లో వస్తే పుస్తక మహోత్సవం ఉంటుంది. మూడు దశాబ్దాలు దాటింది ఈ పండగ వయసు. ఆ రోజుల్లో వచ్చిన చదువరికి నేను మిగతా మూడు దిక్కులూ సిఫారసు చేయను.

సాయంత్రం సంగతి తర్వాత చెబుతాను. ముందు షాపింగ్: బీసెంట్ రోడ్డు. మాల్స్ కావాలంటే బెంజి సర్కిల్ చుట్టూ ఉన్నాయి, అవి అన్ని ఊళ్లలోనూ ఒకేలా ఉంటాయి. బీసెంట్ రోడ్డులో గాజులు, గుడ్డలు, చెప్పులు, ఫుట్‌పాత్ బేరాలు అన్నీ రెండు వందల అడుగుల్లో దొరుకుతాయి. పండగ ముందు వారం మాత్రం అడుగు వేయడానికి చోటుండదు.

## పడమర: ద్వీపం, కొండపల్లి

భవానీ ద్వీపానికి పున్నమి ఘాట్ వైపు నుంచి బోటు ఎక్కాలి. నిజానికి అక్కడ చెట్లు, పిల్లల ఆటలు, ఏటి గాలి తప్ప చూడటానికి విశేషమేమీ లేదు. పిల్లలకు మాత్రం ఆ బోటు ప్రయాణమే పెద్ద పండగ. పిల్లలు లేనివాళ్లు బోటు ఎక్కి వచ్చేస్తే చాలు. కృష్ణలో వరద ఉన్న రోజుల్లో బోట్లు ఆపేస్తారు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా బయల్దేరే ముందు అడగండి.

కొండపల్లి ఇరవై కిలోమీటర్ల దూరం. బొమ్మలు ఊళ్లో లేపాక్షి హస్తకళల షాపులోనూ దొరుకుతాయి కదా, అంత దూరం ఎందుకు అంటే, చేసేది చూడటానికి. తెల్ల పొణికి కర్ర చాలా తేలిక. దాన్ని చెక్కి, చేతులూ కాళ్లూ విడిగా చేసి, రంపపు పొట్టునూ చింతగింజల పొడినీ కలిపిన మక్కుతో అతికిస్తారు. అది ఆరాక రంగులు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి. ఇంటి ముందు గుమ్మంలో కూర్చుని పనిచేసేవాళ్లను పలకరిస్తే ఓపిగ్గా చెబుతారు. చూశాక బేరం ఆడబుద్ధి కాదు, ఆడకండి కూడా. ఒక ఎడ్లబండి వెనక ఎన్ని గంటల పని ఉందో కళ్లారా చూశారు కదా. సంక్రాంతి బొమ్మల కొలువుకు కొనేవాళ్లు నెల ముందే వెళ్తే ఎంపిక బాగుంటుంది.

కోట 14వ శతాబ్దం నాటిది, పైదాకా దారి ఉంది. కోట, ఉండవల్లి రెంట్లో ఒకటంటే శిల్పం కోసం ఉండవల్లి, గాలి కోసం, దృశ్యం కోసం కోట.

## తిండి: నాలుగు రకాల ఆకలి

టిఫిన్ ఇష్టపడేవాళ్లకు గాంధీనగర్. బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న వేసిస్తారు, అదే ఆ హోటల్ పేరు నిలబెట్టింది. పొద్దున్నే వెళ్లండి, వేడి మీద వెన్న కరుగుతున్నప్పుడే తినాలి. నెయ్యి కారంపొడి ఇడ్లీ, పెసరట్టు ఉప్మా కావాలంటే ఈ చుట్టుపక్కల హోటళ్లలో ఎక్కడైనా నిరాశ పడరు. ఊరి పేరున్న ప్రతి హోటలూ తిరగాలన్న తపన వద్దు, జనం నిలబడి తింటున్న చోటు చూసి ఆగండి.

భోజనం విషయంలో ఏసీ హోటలా, మెస్సా అన్నది అసలు ప్రశ్న. పెద్ద కుటుంబంతో, కూర్చుని మాట్లాడుకుంటూ తినాలంటే హోటల్. పప్పు, గోంగూర, కందిపొడి, ఆవకాయ, గడ్డపెరుగు ఇంటి రుచిలో కావాలంటే మెస్. అక్కడ తినేసి లేవాలి, వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు. ఒంటరిగా వచ్చినవాళ్లకు మెస్సే మంచిది. కృష్ణా జిల్లా భోజనంలో తొలి ముద్ద నెయ్యి, పొడితో మొదలవుతుంది. అది దాటేసి కూరలోకి వెళ్లిపోకండి.

మాంసాహారులకు నా సలహా ఉలవచారు బిర్యానీ. మామూలు బిర్యానీ హైదరాబాద్‌లోనూ తినొచ్చు. ఉలవల్ని గంటల కొద్దీ ఉడికించి తీసిన కట్టుతో చిక్కటి చారు కాచి, దాంతో కలిపిన అన్నం రుచి ఈ ప్రాంతానిది. కొంచెం మీగడ అడిగి వేసుకోండి. ఉలవలు వేడి చేస్తాయంటారు, మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు.

సాయంత్రం బండ్లు. పునుగులు ఈ ఊరి పిల్లల ట్యూషన్ తర్వాతి తిండి. బాగా పులిసిన పిండి, నూనెలోంచి తీయగానే పొట్లంలో వేసి, అల్లం పచ్చడో పల్లీ చట్నీనో పైన. మిరపకాయ బజ్జీని చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారు. గుంటూరు వైపు కారం అలవాటు లేనివాళ్లు మొదట సగం తిని చూడండి. కడుపు నాజూకుగా ఉండేవాళ్లకు బజ్జీ కన్నా పునుగులు నయం. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు పక్కన తాటి ముంజలు కనిపిస్తే ఆపి తినండి, లేతవి ఏరి ఇమ్మని అడగండి.

ఊరికి తీసుకెళ్లడానికి ఏం కొనాలి? బందరు లడ్డు మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్లకు నచ్చుతుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది. పూతరేకులు నలిగిపోతాయి, చేతిలో పట్టుకెళ్లగలిగితేనే కొనండి. మామిడి కాలమైతే మిఠాయి మాటే వద్దు. నూజివీడు రసాలు బుట్టలో సర్దించుకుని వెళ్లండి. రసం పిండుకుని తినే పండు, బంగినపల్లి కోసుకుని తినే పండు. ఇంట్లో పిల్లలుంటే రసం, దూర ప్రయాణమైతే బంగినపల్లి.

## సాయంత్రం: సభా, సినిమానా, ఏటి ఒడ్డా

బెజవాడ సాంస్కృతిక జీవితం గురించి బయటివాళ్లకు తక్కువ తెలుసు. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. బాలమురళీకృష్ణ లాంటి విద్వాంసులు పనిచేసిన చోటు, తెలుగిళ్లలో పొద్దున్నే వినిపించిన భక్తిరంజని పుట్టిన చోటు. ఆ వాతావరణం పూర్తిగా పోలేదు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో, మొగల్రాజపురం సిద్ధార్థ ఆడిటోరియంలో, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, నాటకాలు, పుస్తకావిష్కరణలు జరుగుతూనే ఉంటాయి. చాలావాటికి ప్రవేశం ఉచితం. పొద్దున పేపరు జిల్లా ఎడిషన్‌లో ‘నగరంలో నేడు’ కాలమ్ చూడండి, లేదా హాలు ముందు బ్యానర్ చూడండి. చిక్కేమిటంటే ఉపన్యాసాల వల్ల ఆలస్యం అవుతుంది. ఆరింటికన్న కచేరీ ఏడు దాటాక మొదలవ్వొచ్చు. రాత్రి రైలున్నవాళ్లు ఇది పెట్టుకోకండి.

సినిమా ఇష్టమున్నవాళ్లకు గాంధీనగర్ థియేటర్లు. ఒకప్పుడు తెలుగు సినిమా పంపిణీ ఆఫీసులన్నీ ఈ వీధుల్లోనే ఉండేవి. కొత్త సినిమా మొదటి రోజు ఇక్కడ చూస్తే హాల్లో గోల కూడా సినిమాలో భాగమే. కథ ప్రశాంతంగా చూడాలంటే మల్టీప్లెక్స్, రెండో వారం.

మాట్లాడుకుంటూ కూర్చోవాలంటే ఘాట్లు. బస్టాండు దగ్గర పద్మావతి ఘాట్, రాజీవ్ గాంధీ పార్కు ఉన్నాయి. పిల్లలుంటే పార్కు, లేకపోతే ఘాట్ మెట్లు. నీళ్లలోకి దిగకండి, ప్రవాహం పైకి కనిపించదు.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలతో వస్తే: తెల్లవారుజామున లిఫ్టు దారిలో దర్శనం, గదికి వెళ్లి విశ్రాంతి, సాయంత్రం బాపు మ్యూజియం, ఘాట్. ఉండవల్లి వాళ్లను బతిమాలి ఎక్కించకండి.

పిల్లలతో వస్తే పడమర దిక్కు. పొద్దున కొండపల్లిలో బొమ్మల పని, సాయంత్రం బోటు. బడి పిల్లలకు చరిత్ర పాఠం చెప్పాలనే ఉద్దేశం ఉంటే ఉండవల్లి కూడా పనికొస్తుంది, కానీ అయిదేళ్లలోపు వాళ్లకు ఆ మెట్లు, పై అంతస్తు అంచులు ప్రమాదం. చేయి వదలకండి.

స్నేహితులతో వచ్చే కాలేజీ వాళ్లు: బండి మీద పొద్దున్నే బ్యారేజీ, ఉండవల్లి, మంగళగిరి. మధ్యాహ్నం మెస్ భోజనం, రాత్రి పునుగులు. డబ్బు తక్కువ, రోజు నిండుగా.

ఒంటరిగా వచ్చే చదువరికి ఊరి మధ్యే చాలు. సభ దొరికితే అదృష్టం.

రెండు రైళ్ల మధ్య మూడు నాలుగు గంటలు దొరికినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది. వాళ్లు కొండ మీద దర్శనానికి పరిగెత్తడం నేను వద్దంటాను. క్యూ మన చేతిలో ఉండదు, రైలు మన కోసం ఆగదు. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టండి. పొద్దునైతే గాంధీనగర్‌లో టిఫిన్ చేసి ఏలూరు రోడ్డులో పుస్తకాలు చూడండి. సాయంత్రమైతే గాంధీ హిల్ ఎక్కి దిగి, వేడి పునుగులు తిని రైలెక్కండి. మధ్యాహ్నమైతే భోజనం చేసి వెయిటింగ్ హాల్లో పడుకోవడమే మంచి సలహా, ముఖ్యంగా మే నెలలో.